సెల్లార్ పని: కనబడని చోట పెట్టిన ఖర్చు

(సంస్థ వార్షిక సర్వసభ్య సమావేశంలో భవన ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

ఏటా ఈ సమావేశంలో భవన ఉపసంఘం నివేదిక రెండు నిమిషాల్లో అయిపోతుంది. ఫలానా పని పూర్తయింది, ఇంత ఖర్చయింది, అల్హమ్దులిల్లాహ్ అని చెప్పి కూర్చుంటాం. ఈసారి అధ్యక్షులవారిని కొంచెం ఎక్కువ సమయం అడిగాం. ఎందుకంటే ఈసారి చెప్పాల్సింది మేము చేసిన ఒక పొరపాటు గురించి, దాన్ని దిద్దుకున్న తీరు గురించి. ఆ పొరపాటు మీరిచ్చిన డబ్బుతో జరిగింది. కాబట్టి దాని లెక్క మీ ముందు పెట్టడం మా బాధ్యత. మీలో చాలామంది ఇల్లో, దుకాణమో, గోడౌనో కట్టిస్తున్నవారే. మేము నేర్చుకున్నది మీకు పనికొస్తే అదీ ఒక మేలే.

తిరిగొచ్చిన బియ్యం

మన భవనం కింద సెల్లార్ ఉంది. మునిసిపాలిటీ ఆమోదించిన ప్లానులో అది స్టోరు గది. రమజాన్ రేషన్ సంచులు, చలికాలంలో పంచే దుప్పట్లు, పిల్లలకిచ్చే నోటుపుస్తకాలు, రోగులకు అరువిచ్చే మంచాలు, వీల్‌చైర్లు, కఫన్ బట్ట, అన్నీ అక్కడే ఉంటాయి. కొన్నేళ్ల క్రితం దాన్ని 'ఫినిషింగ్' చేయించాం. గోడలకు పుట్టీ పెట్టి రంగు వేయించాం. పైన ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సీలింగ్, కింద మెరిసే టైల్సు, గోడల పొడుగునా ప్లైవుడ్ అల్మరాలు. ప్రారంభోత్సవం నాడు మీరంతా దిగి చూసి చాలా బాగుందన్నారు. మాకూ అలాగే అనిపించింది.

2024 మార్చి రెండో వారంలో రమజాన్ మొదలైంది. మొదటి విడత రేషన్ ఇచ్చేశాం. రెండో విడత పంచిన మర్నాడు, అసర్ నమాజు తర్వాత, ఒక పెద్దావిడ బియ్యం సంచి చంకన పెట్టుకుని ఆఫీసుకు వచ్చింది. భర్త లేడు, మనవలను సాకుతోంది. ఆమె అన్న మాట మా అందరికీ ఇంకా గుర్తుంది. "ఇచ్చినదానికి వంక పెట్టకూడదు బాబూ. కానీ ఎన్నిసార్లు కడిగినా వాసన పోవడం లేదు. పిల్లలు నోట్లో పెట్టుకోలేకపోయారు. నాకు మారుబియ్యం వద్దు. మిగతావాళ్లకు ఇచ్చేముందు ఒక్కసారి చూసుకోండి."

సెల్లార్‌లోకి వెళ్లి అడుగు వరస సంచులు లాగి చూశాం. గోనెల అడుగు భాగం నల్లగా బూజు పట్టి ఉంది. అల్మరాల వెనక ప్లైవుడ్ ఉబ్బి పొరలు విడిపోయింది. రంగు కింద పుట్టీ పొడిలా రాలుతోంది. పైకి మాత్రం గది ఇంకా అందంగానే ఉంది.

బియ్యం మార్చి ఇచ్చాం. అంతటితో మా మనసు తేలికపడలేదు. ఆవిడ వచ్చి చెప్పింది గనక తెలిసింది. చెప్పకుండా వండుకుని తిన్నవాళ్లు ఎంతమంది? పుచ్చుకునే చేయి నోరు విప్పదు. దాని తరఫున చూసుకోవాల్సింది మనమే. మన గుంటూరులో మిర్చి వ్యాపారం తెలియనివారు లేరు. పైకి ఎర్రగా నిగనిగలాడే కాయలో తేమ ఉంటే టిక్కీ కట్టిన కొన్నాళ్లకు ఏమవుతుందో మీకు మేము చెప్పక్కర్లేదు. మన సెల్లార్ అలాంటి టిక్కీ అయింది.

నీళ్లు ఎక్కడివి?

సంఘంలో తలా ఒక మాట చెప్పారు. వాననీరు దిగుతోందని కొందరు, మంచి కంపెనీ వాటర్‌ప్రూఫ్ పెయింటు కొట్టిస్తే సరిపోతుందని ఇంకొందరు. ఒక విషయం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు. రమజాన్ వచ్చింది మార్చిలో. ఆ నెలలో వాన లేదు. మరి గోడ ఎందుకు చెమ్మగిల్లింది?

అప్పుడు ఒక రిటైర్డు ఇంజినీరు గారి సలహాతో చిన్న పరీక్ష చేశాం. ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, ఖర్చు లేదు. గోడ మీదా నేల మీదా అడుగున్నర చదరం పాలిథిన్ ముక్కలు పెట్టి నాలుగు అంచులూ గాలి దూరకుండా టేపుతో అంటించాలి. రెండు రోజులు వదిలేయాలి. ముక్క లోపలివైపు, అంటే గోడవైపు, చెమ్మ పడితే నీరు గోడలోంచే వస్తున్నట్టు. బయటివైపు పడితే గాలిలో ఉన్న తేమ చల్లటి గోడ మీద చేరుతున్నట్టు. మొదటిదానికి నీటి దారి మూసేయాలి. రెండోదానికి గాలి ఆడేలా చేస్తే చాలు. మందు ఒకటి కాదు కాబట్టి రోగం ముందు తెలియాలి.

మన సెల్లార్‌లో తూర్పు గోడ మీది ముక్కలకు లోపలివైపు నీటి బొట్లు నిలిచాయి. ఆ గోడకు సరిగ్గా పైన, బయట ఉన్నది మన వుజూఖానా. దాని కాలువలో రంగు కలిపిన నీళ్లు పోయించాం. కొన్ని గంటల్లో ఆ రంగు సెల్లార్ గోడ మీద కనిపించింది. కాలువ అడుగు పగిలి ఉంది. రమజాన్‌లో తరావీహ్‌కు జనం పెరిగారు, వుజూ నీళ్లూ పెరిగాయి, అవి నేరుగా పేదల బియ్యం కిందికి దిగాయి. పారే నది ఒడ్డున ఉన్నా నీళ్లు వృథా చేయొద్దని నేర్పిన ధర్మం మనది. మన కుళాయిల దగ్గర ఏం జరుగుతోందో మనమే చూసుకోలేదు.

ఇంకా వెతికితే మరో రెండు కారణాలు దొరికాయి. డాబా మీది వాననీటి గొట్టం సరిగ్గా గోడ మొదట్లో నీళ్లు పోస్తోంది. పైగా మనది నల్లరేగడి. అది నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఒక పట్టాన వదలదు, ఎండితే బీటలిస్తుంది. ఆ బీటల్లోంచి తర్వాతి వాన ఇంకా లోతుకు దిగుతుంది.

రంగు ఎందుకు ఆపలేదో కూడా ఇంజినీరు గారు లెక్క వేసి చూపించారు. ఒక ఘనపుటడుగు నీటి బరువు 28 కిలోలు దాటుతుంది. బయట నేల మట్టం దాకా నీరు నిలిచిందంటే, ఆరడుగుల లోతున ప్రతి చదరపు అడుగు గోడ మీదా దాదాపు 170 కిలోల ఒత్తిడి పడుతుంది. లోపలివైపు అంటించిన పుట్టీ, రంగు ఆ తోపుడుకు ఏం నిలుస్తాయి?

పిల్లల్ని కింద కూర్చోబెట్టకూడదు

మళ్లీ పని మొదలుపెట్టేముందు ఇంకో నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. సెల్లార్‌లో సగం భాగాన్ని పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు రీడింగ్ రూముగా మార్చాలని అంతకుముందు అనుకున్నాం. ఒక దాత తన తల్లిగారి పేరు మీద ఆ గది మొత్తం ఖర్చు భరిస్తానని మాట ఇచ్చారు.

2024 జూలై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేంద్రనగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ బేస్‌మెంట్‌లోకి వాననీరు ఒక్కసారిగా చొరబడి, సివిల్స్‌కు చదువుతున్న ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ బేస్‌మెంట్‌కు స్టోరు, పార్కింగు కోసమే అనుమతి ఉంది. అక్కడ లైబ్రరీ నడిపారు. ఆ వార్త చదివి మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మేము చేయబోతున్నదీ సరిగ్గా అదే.

అది జరిగిన అయిదు వారాలకు, సెప్టెంబరు మొదట్లో, బుడమేరు పొంగి విజయవాడ మునిగింది. అన్నం పొట్లాలతో వెళ్లిన మన కుర్రాళ్లు అపార్టుమెంట్ల సెల్లార్లు చూసి వచ్చారు. బళ్లు, మోటార్లు, స్విచ్చి బోర్డులు అన్నీ నీళ్లలోనే. మన రాష్ట్రంలో 2017 నాటి భవన నియమాలు కూడా సెల్లార్‌ను వాహనాల పార్కింగుకే ఉంచాలని, మనుషుల నివాసానికి వాడకూడదని చెబుతున్నాయి. మన భవనం అంతకుముందుది, ప్లానులో స్టోరు అని ఉంది. స్టోరుగానే ఉంచుతాం, మనుషుల్ని కూర్చోబెట్టం అని తీర్మానం చేశాం.

ఆ దాత దగ్గరికి వెళ్లి ఈ సంగతి చెప్పడానికి మాకు మొహం చెల్లలేదు. ఆయన అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగారు. "అయితే ఆ డబ్బు ఇప్పుడు దేనికి కావాలి?" కాలువకు, బయట గోడ తవ్వకానికి అని చెప్పాం. "కాలువ మీద అమ్మ పేరు రాయడానికి వీలుండదు కదా" అన్నారు. మేము తలలు దించుకున్నాం. "రాయక్కర్లేదు లెండి. ఎవరి కోసం ఇస్తున్నానో అల్లాహ్‌కు తెలుసు" అని చెక్కు రాసిచ్చారు. ఆయన ఇక్కడే కూర్చున్నారు. పేరు చెప్పవద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు.

ఏ సామగ్రి, ఎందుకు?

ఈసారి మూడు మాటలు వరసగా రాసి పెట్టుకున్నాం. ఒకటి, నీళ్లు రాకుండా చూడాలి. రెండు, అయినా వచ్చిన నీళ్లు బయటికి పోవాలి. మూడు, తడిసినా చెడని సామగ్రి మాత్రమే వాడాలి. మొదటిసారి మేము ఈ మూడూ వదిలేసి అందం దగ్గర మొదలుపెట్టాం.

మొదటిది, నీళ్లు రాకుండా. వుజూఖానా కాలువ పగలగొట్టి కొత్తగా వాలు పెట్టి కట్టించాం. వాననీటి గొట్టాన్ని వీధి కాలువ దాకా పొడిగించాం. తూర్పు, ఉత్తర గోడల బయట పునాది దాకా తవ్వించి, గోడ శుభ్రం చేసి, వాటర్‌ప్రూఫింగ్ పొర వేయించాం. తవ్వినచోట మళ్లీ నల్లమట్టి పోయలేదు. కంకర పోసి, అడుగున చిల్లుల గొట్టం పెట్టి, గోడ దగ్గరికి చేరిన నీరు పక్కకు పోయేలా చేశాం. పైన నేలకు గోడనుంచి బయటికి వాలు ఇచ్చి కాంక్రీటు వేశాం. మిగతా రెండు వైపులా పక్కవారి గోడలు ఆనుకుని ఉన్నాయి, తవ్వే వీలు లేదు. అక్కడ లోపలి పుట్టీ, రంగు మొత్తం గీకించి, కాంక్రీటు బయటపడేదాకా శుభ్రం చేసి, క్రిస్టలైన్ రకం సిమెంటు పూత రెండు చేతులు వేయించాం. అది కాంక్రీటు సందుల్లోకి దిగి, తేమ తగిలినప్పుడు స్ఫటికాలుగా పెరిగి సందులు మూస్తుంది. పాత రంగు మీద పూస్తే దానికి దిగే దారే ఉండదు. అందుకే గీకడానికే ఎక్కువ రోజులు పట్టింది.

రెండోది, వచ్చిన నీళ్లు పోవాలి. నేలకు ఒక మూలకు వాలు ఇచ్చి అక్కడ సంపు తవ్వించాం. దానికి రెండు పంపులు. ఒకటి పాడైతే ఇంకొకటి. గట్టి వాన వచ్చినప్పుడే కరెంటు పోతుంది కాబట్టి జనరేటరు లైను కూడా ఇచ్చాం. వీధి కాలువ నిండి వెనక్కి తన్నకుండా పంపు గొట్టానికి నాన్-రిటర్న్ వాల్వు పెట్టించాం. స్విచ్చి బోర్డు, మెయిన్ అన్నీ పై అంతస్తులోకి మార్చాం. సెల్లార్‌లో ఉన్న కొద్ది సాకెట్లూ ఛాతీ ఎత్తులో ఉన్నాయి. వాటికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. తడిచేత్తో తాకి షాకు కొడితే అది క్షణంలో కరెంటు కట్ చేస్తుంది. ఎగ్జాస్టు ఫ్యాన్లు రెండు పెట్టించాం.

మూడోది, తడిసినా చెడని సామగ్రి. ఇక్కడ మాలో మాకే వాదనలు జరిగాయి.

నేలకు మెరిసే విట్రిఫైడ్ టైల్సా, నాపరాళ్లా? టైలు తనంతట తాను నీళ్లు పీల్చదు గానీ తడిస్తే జారుతుంది. బస్తాలు మోసేవాళ్లు జారిపడితే ప్రాణం మీదికి వస్తుంది. పల్నాడు నాపరాయి గరుకుగా ఉంటుంది, బరువు మోస్తుంది, ఒక రాయి పగిలితే ఒక్కటే తీసి మార్చవచ్చు, ధరా తక్కువ. నాపరాయే వేయించాం.

గోడలకు పుట్టీ, ప్లాస్టిక్ రంగు వద్దనుకున్నాం. గోడలో మిగిలిన కొద్దిపాటి తేమను బయటికి పోనివ్వని రంగు, చివరికి తానే పొరలుగా ఊడుతుంది. పిడుగురాళ్ల సున్నం వేయించాం. సున్నం గోడను ఊపిరి తీసుకోనిస్తుంది. ఏటా కొత్తగా వేసుకోవాలి, అంతే. కొందరు సభ్యులు "ఇదేంటి భాయ్, పల్లెటూరి ఇల్లులా ఉంది" అన్నారు. పల్లెటూరి ఇళ్లలోనే బియ్యం బూజు పట్టకుండా ఉండేది అని పెద్దాయన ఒకరు జవాబిచ్చారు.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్, మామూలు జిప్సం బోర్డు, ఎండీఎఫ్, పార్టికల్ బోర్డు, కార్పెట్, ఇవి నేల కింద గదికి పనికిరావు. తేమ తగిలితే మొదటివి మెత్తబడి రాలతాయి, చెక్కపొడి బోర్డులు ఉబ్బుతాయి, కార్పెట్ బూజుకు ఇల్లవుతుంది. సీలింగ్ తీయించేసి శ్లాబును అలాగే వదిలేశాం. లీకు వస్తే వెంటనే కనబడుతుంది. ప్లైవుడ్ తప్పనిసరి అయినచోట ఐఎస్ 710 గుర్తు ఉన్నదే తీసుకున్నాం. మొదటిసారి వాడింది ఐఎస్ 303 రకం. అది మామూలు గదులకు సరిపోతుంది గానీ నీళ్లకు కాదు. ఆ రెండు అంకెల తేడా అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. అల్మరాల బదులు ఇనుప ర్యాకులు పెట్టాం. అడుగు అర నేలకు జానెడు ఎత్తున ఉంటుంది, ర్యాకుకూ గోడకూ మధ్య చెయ్యి పట్టేంత సందు ఉంటుంది. ఆ సందులోంచి గాలి ఆడుతుంది, మనిషి తొంగి చూడగలడు.

ఈ సందర్భంగా దాతలకు ఒక మనవి. ఇంటి పని అయ్యాక మిగిలిన మార్బుల్, టైల్సు, ప్లైవుడ్ కొందరు ప్రేమతో పంపిస్తున్నారు. ఈసారి చాలావరకు వినయంగా తిప్పి పంపాం, నొచ్చుకోవద్దు. పనికి ఏది తగునో అది కొనాలి గానీ, ఉన్నదానికి తగ్గట్టు పని మార్చకూడదు. పైగా వస్తురూపంలో ఇచ్చిన విరాళానికి 80జి పన్ను మినహాయింపు కూడా రాదు.

ఎవరికి అప్పగించాం?

మొదటిసారి మేము ఒకే ఒక్క కొటేషన్ మీద పని ఇచ్చేశాం. తెలిసినవారు, నమ్మకస్తులు అన్నారు, అంతే. ఈసారి చేయాల్సిన పనులన్నీ ముందు మేమే కాగితం మీద వరసగా, కొలతలతో సహా రాశాం. ఆ ఒకే కాగితం ముగ్గురికి ఇచ్చి రేట్లు వేయమన్నాం. అందరూ ఒకే పనికి ధర చెబితేనే ధరలు పోల్చడానికి వీలవుతుంది.

అన్నిటికన్నా తక్కువ వచ్చిన కొటేషన్ మిగతా రెంటికన్నా దాదాపు మూడో వంతు తక్కువ. అందులో వాటర్‌ప్రూఫింగ్ అంతా కలిపి ఒకే ముక్కలో, 'లంప్‌సమ్' అని ఉంది. ఏ సామగ్రి, ఎన్ని పూతలు, ఎన్ని చదరపు అడుగులు అన్నది లేదు. దాన్ని ఇచ్చినవారు మన సంఘ సభ్యుల్లో ఒకరికి దగ్గరి బంధువు. ఆ సభ్యుడు తనంతట తానే లేచి, "ఈ విషయం తేలేదాకా నేను బయట కూర్చుంటాను" అని వెళ్లిపోయారు. ఆయన పెద్దమనసుకు ఈ వేదిక మీద కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాం. ఆయన అలా చేయకపోతే మాకు ఆ కొటేషన్ పక్కన పెట్టే ధైర్యం వచ్చేది కాదేమో.

రెండో ఆయన కొటేషన్ పూర్తి వివరంగా ఉంది, కానీ ఆయన ఎప్పుడూ సెల్లార్ పని చేయలేదు. మూడో ఆయన సైటుకు వచ్చినప్పుడు టేపు తీయలేదు. "నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో చూశారా భాయ్?" అని అడిగారు. మా పాలిథిన్ పరీక్ష గురించి చెబితే, మరి ఉత్తరపు గోడకు కూడా చేశారా అన్నారు. అంతకుముందు తాను చేసిన రెండు సెల్లార్లకు మమ్మల్ని తీసుకెళ్లారు. మేము ఎండాకాలంలో వెళ్లలేదు, వాన పడిన మర్నాడే వెళ్లాం. ఆ ఇళ్లవాళ్లతో విడిగా మాట్లాడాం. పని బాగుందా అని కాదు, పని అయ్యాక ఏదైనా లోపం వస్తే పిలిస్తే వచ్చాడా అని అడిగాం. వచ్చాడని చెప్పారు.

ఆయన మన సమాజానికి చెందినవారు కాదు. ఇందుకు కొందరు బాధపడ్డారు. మన డబ్బు మనవాళ్లకే చేరాలి కదా అన్నారు. ఆ మాటలో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. మన కుర్రాళ్లకు పని దొరకాలని మాకూ ఉంది. కరెంటు పని, ర్యాకుల వెల్డింగు మన కుర్రాళ్లకే ఇచ్చాం, అదీ రేట్లు పోల్చి, పని చూసే. కానీ ఈ డబ్బు మనది కాదు, అమానత్. మీరు మా చేతిలో పెట్టింది కాంట్రాక్టరు కోసం కాదు, ఆ బియ్యం తినేవారి కోసం. వారికి ఏది మంచిదో అదే మేము చూడాలి. ఆ మేస్త్రీ మన జుమా సమయం తెలుసుకుని ఆ వేళకు డ్రిల్లింగు ఆపేవారు. రమజాన్‌లో తన కూలీలు మన పిల్లల ముందు భోజనం చేయకుండా చూసుకున్నారు. మేము అడగలేదు.

రాతకోతలు

ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పెద్ద ఆయత్, బఖరా సూరాలోనిది, అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోమని, సాక్షులను పెట్టుకోమని చెబుతుంది. నమ్మకం లేక కాదు, నమ్మకం చెడకుండా ఉండటానికే. మొదటిసారి మేము దాన్ని పాటించలేదు. పని చెడినప్పుడు చూపించడానికి మా దగ్గర కాగితమే లేదు.

ఈసారి ఒప్పందం రాశాం. అడ్వాన్సు పదోవంతు దాటలేదు. మిగతాది పని కొలిచి, కొలతల పుస్తకంలో ఇద్దరు సంతకం చేశాక విడతలుగా చెల్లించాం. కనబడకుండా పోయే ప్రతి పని, అంటే గోడ బయటి పొర, కంకర, చిల్లుల గొట్టం, మట్టి కప్పేముందు ఫోటో తీసి ఫైలులో పెట్టాం. సిమెంటు బస్తా మీద తేదీ చూశాం, మూడు నెలలు దాటింది తీసుకోలేదు. ప్రతి బిల్లులో కొంత ఆపి, ఒక వానాకాలం గడిచాకే ఇస్తామని ముందే రాసుకున్నాం. కాంట్రాక్టరుకు ఆపాం గానీ కూలీల కూలి ఏ వారానికా వారం అందేలా చూశాం. పనివాడి చెమట ఆరకముందే కూలి ఇవ్వాలన్నది మన ధర్మం నేర్పిన మర్యాద. చెల్లింపులన్నీ బ్యాంకు ద్వారానే. టీడీఎస్ కట్టాం, జీఎస్‌టీ బిల్లులు తీసుకున్నాం.

జకాత్ సొమ్ములోంచి ఈ పనికి ఒక్క రూపాయి వాడలేదు. అది హక్కుదారుల చేతికే చేరాలి. ఇదంతా సదఖా, సాధారణ విరాళాల నిధినుంచి జరిగింది. ఫైలు ఆఫీసులో ఉంది. ఎవరైనా ఎప్పుడైనా చూడవచ్చు.

ఇప్పుడెలా ఉంది?

2025 వేసవిలో పని పూర్తయింది. ఆ తర్వాత మూడు నెలలు సెల్లార్‌లో ఒక్క వస్తువు కూడా పెట్టలేదు. ఖాళీగా ఉంచి వానలకు వదిలాం. అక్టోబరు చివర మొంథా తుఫాను వచ్చినప్పుడు మాలో ఇద్దరు రాత్రి సెల్లార్ మెట్ల మీదే కూర్చున్నారు. కరెంటు పోయింది, జనరేటరు మీద పంపు తిరిగింది, నాపరాళ్లు ఆరిపోయే ఉన్నాయి.

అంతా బాగుందని చెబితే అబద్ధమవుతుంది. దక్షిణపు మూల, పైపు గోడలోంచి దూరే చోట, అరచేయంత చెమ్మ కనిపించింది. ఆపి ఉంచిన డబ్బు ఉంది, ఒప్పందం ఉంది, కాబట్టి కాంట్రాక్టరు మర్నాడే వచ్చి ఆ సందు తెరిచి మళ్లీ నింపారు. ఇంకో వాన చూశాకే ఆయన బాకీ తీరుస్తాం. రానున్న రమజాన్ రేషన్ ఇన్షాఅల్లాహ్ మళ్లీ సెల్లార్‌లోనే పెడతాం. పంచేముందు ప్రతి వరసనుంచి ఒక సంచి విప్పి, కొంచెం వండి, మేమే తిని చూస్తాం. ఇది కూడా తీర్మానంలో రాశాం.

చివరగా దాతలకు ఒక్క మాట. మొదటిసారి ఫినిషింగ్‌కు విరాళాలు ఎంత తేలిగ్గా వచ్చాయో మాకు గుర్తుంది. సీలింగ్‌కు ఒకరు, టైల్సుకు ఒకరు, అల్మరాలకు ఒకరు. ప్రతిదానికీ పేరు రాయడానికి చోటుంది. కాలువకు, కంకరకు, చిల్లుల గొట్టానికి అడిగితే ఇచ్చేవాళ్లు తక్కువ. ఆ తప్పు మీది కాదు, మాది. మేము ఎప్పుడూ కనబడేవాటికే అడిగాం. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని మనకు నేర్పారు. మట్టి కింద కప్పిపెట్టిన గొట్టం కన్నా గుప్తమైన సదఖా ఇంకేముంటుంది? అది ఉన్నంతకాలం ఒక ముసలమ్మ ఇంట్లో బియ్యం శుభ్రంగా ఉడుకుతాయి.

రెండు పంపుల నిర్వహణ, డీజిలు, ఏటా సున్నం, కాలువ శుభ్రం చేయడం, వీటికి ఒక చిన్న నిధి పెట్టాలని సంఘం నిర్ణయించింది. దానికి శిలాఫలకం ఉండదు. ఇచ్చేవారు సమావేశం అయ్యాక కోశాధికారి గారిని కలవండి.

బియ్యం తిరిగి తెచ్చిన ఆ పెద్దావిడకు ఈ వేదిక మీదనుంచి సలాములు చెప్పుకుంటున్నాం. ఆవిడ ఆ రోజు మొహమాటపడి ఉంటే మా గది ఇంకా అందంగానే ఉండేది. మన పొరపాట్లను అల్లాహ్ క్షమించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.